మెట్టసీమలో చిన్న కమతము – ఏ పుస్తకమును నమ్మవలెను?

మూడు నాలుగెకరముల మెట్టభూమి, ఒక చిన్న ఇల్లు, ఒక ఆవు, పది కోళ్లు, పెరటిలో కూరపాదులు. ఇంటికి కావలసిన తిండిని చాలవరకు ఇంటివారే పండించుకొను ఇట్టి జీవితమును కోరువారు కర్నూలు, కడప ప్రాంతములలో తక్కువగా లేరు. ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరు చేరువారు కొందరు. పట్టణములో చదివి తాతలనాటి పొలమునకు తిరిగి వచ్చు యువకులు కొందరు. వీరిలో పెక్కుమందికి సేద్యము చేతి అలవాటుగా వచ్చినది కాదు. అందుచేత వారు ముందుగా చేయు పని ఒక పుస్తకమును కొనుట. ఇది మంచి అలవాటే. కాని పుస్తకము వెల కొలది వందల రూపాయలు. దానిని నమ్మి చేసిన పని వెల లక్షలలో ఉండవచ్చును. నీరు పడని బోరు ఒక్కటి చాలును, ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టినది భూమిలోనికి పోవుటకు.

కావున పుస్తకమును ఎంచుకొనుట కూడ శాస్త్ర విషయమే. ప్రయోగశాలలో ఒక ఫలితమును వ్రాసికొనునపుడు దానితోపాటు ఉష్ణోగ్రతను, పీడనమును వ్రాయుట విద్యార్థులకు అలవాటే. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగునని చెప్పినపుడు సముద్రమట్టపు పీడనము వద్ద అను మాట అందులో ఇమిడియున్నది. సేద్యపు పుస్తకములోని ప్రతి వాక్యము వెనుక కూడ ఇట్టి నియమమొకటి దాగియుండును. "ఈ పంట మంచి దిగుబడి నిచ్చును" అను వాక్యమునకు "ఇంత వానలో, ఈ నేలలో, ఈ ఎండలో" అను తోక ఉన్నది. రచయిత ఆ తోకను వ్రాయకపోవచ్చును. దానిని వెదకి పట్టుకొనుట చదువరి పని.

ఈ తోకను గమనింపనందున కలిగిన నష్టమునకు పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉన్నది. 20వ శతాబ్దపు ఆరంభమున అచ్చట పశ్చిమ మైదానములలో కొత్తగా స్థిరపడు కుటుంబముల కొరకు మెట్ట సేద్యపు పుస్తకములు విరివిగా వెలువడినవి. హార్డీ వెబ్‌స్టర్ కాంప్‌బెల్ అను నతడు పైమట్టిని తరచుగా గుల్లచేసి మెత్తని ధూళి పొరగా ఉంచినచో అడుగునున్న తేమ ఆవిరి కాదని బోధించెను. ఆ బోధను ప్రచారము చేసినవారిలో రైలు కంపెనీలు కూడ ఉన్నవి. రైలు మార్గమునకు ఇరువైపుల జనము చేరి, భూములు అమ్ముడుపోయి, సరుకు రవాణా పెరుగుట వారికి లాభము. వానలు బాగుగా ఉన్నంతకాలము అంతయు బాగుగానే కనిపించెను. 1930ల దశాబ్దములో వరుసగా అనావృష్టి రాగా, గడ్డిని పెరికి దున్నిన ఆ మెత్తని మట్టి ధూళి తుఫానులై లేచిపోయెను. వేలాది కుటుంబములు ఇండ్లు విడిచి వలసపోయినవి. దీనికి పుస్తకములు మాత్రమే కారణము కావు. కాని ఒక పుస్తకము మంచి ఏండ్ల అనుభవముతో వ్రాయబడినదా, చెడ్డ ఏండ్లను కూడ చూచి వ్రాయబడినదా అను ప్రశ్నయు, ఆ పుస్తకము అమ్ముడుపోయిన ఎవరికి లాభము అను ప్రశ్నయు ఎంత ముఖ్యమైనవో ఇందువలన తెలియుచున్నది. నేడు బిందుసేద్యపు గొట్టములు, మందులు, మొక్కలు అమ్మువారు ఉచితముగా పంచు చిన్న పుస్తకములను చేత పట్టుకొన్నపుడు ఈ రెండవ ప్రశ్న వేసికొనుట మరువరాదు. వాటిలో తప్పులుండుననుట కాదు. ఆ సరుకు అక్కరలేని దారి వాటిలో కనబడదనుటయే.

అదే కాలములో వెలువడిన మరియొక గ్రంథము మరింత జాగ్రత్తగా వ్రాయబడినది. యూటా రాష్ట్ర వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుడైన జాన్ విడ్‌సో 1911లో 'డ్రై ఫార్మింగ్' అను పుస్తకమును ప్రకటించెను. ఏడాదికి 20 అంగుళములు, అనగా సుమారు 508 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ వాన గల చోట నీటి పారుదల లేకుండ పంట తీయుటయే ఆయన విషయము. కర్నూలు ప్రాంతపు సగటు వర్షపాతము సుమారు 670 మిల్లీమీటర్లు, కడపది సుమారు 700. లెక్క ప్రకారము మనది యూటా కంటె తడి దేశము! మరి ఆ పుస్తకము మనకు ఇంకను సులువుగా పనికిరావలెను గదా?

పనికిరాదు. యూటాలో తేమ అధిక భాగము చలికాలమున మంచుగాను, చల్లని వానగాను పడును. ఎండ లేని దినములలో అది మెల్లగా లోతైన నేలలోనికి ఇంకి వేసవి పంటకు నిలువయుండును. మన వాన జూన్ నుండి నవంబరు వరకు, అదియు కొన్ని దినములలోనే, గట్టి జల్లులుగా పడును. సగము గంటలో నలువది మిల్లీమీటర్లు పడిన వానను ఎర్రనేల త్రాగలేదు. అది వాగు పట్టి పోవును. మిగిలిన దానిని ఎండ త్రాగును. ఏడాదిలో వాతావరణము ఆవిరిగా కోరు నీరు మన మెట్టసీమలో పడు వానకు రెండింతలకు పైగా ఉండును. మేనెలలో వెడల్పు పళ్లెములో నీరు పోసి ఆరుబయట నుంచినచో దినమునకు పది మిల్లీమీటర్ల వరకు తగ్గుట విద్యార్థులు తామే స్కేలుతో కొలిచి చూడవచ్చును. కావున పుస్తకములో వర్షపాతపు అంకె ఒక్కటి సరిపోయినంత మాత్రమున చాలదు. ఏ నెలలో పడును, ఎన్ని దినములలో పడును, ఎంత ఆవిరియగును అనునవి కూడ సరిపోవలెను.

ఈ కొలతతో, చిన్న కమతములు పెట్టువారు ఎక్కువగా చదువు ప్రసిద్ధ గ్రంథములను చూతము. మారిస్ కేన్స్ 1935లో వ్రాసిన 'ఫైవ్ ఏకర్స్ అండ్ ఇండిపెండెన్స్' అమెరికాలో పలుమార్లు అచ్చయినది. జాన్ సేమూర్ 1976లో వ్రాసిన స్వయంపోషక జీవన గ్రంథము అందమైన బొమ్మలతో ప్రపంచమంతట వ్యాపించినది. సేమూర్ ఎకరము భూమిలో సగము పచ్చిక, మిగిలిన సగము నాలుగు మళ్లుగా పంట మార్పిడి అను పథకమును చూపును. ఆవుకు కొంత మేతను బయటనుండి కొనవలసియుండునని కూడ చెప్పును. బ్రిటన్‌లో ఏడాది పొడవున చినుకు పడును గనుక అర ఎకరపు పచ్చిక పచ్చగనే ఉండును. ఆలూరు, పత్తికొండ వైపున అదే అర ఎకరము మూడు నాలుగు నెలలు మాత్రమే పచ్చగా నుండి, తరువాత బోడినేల యగును. ఇచ్చట ఆవును నిలుపునది పచ్చిక కాదు, జొన్న చొప్ప. ఒక నాటు ఆవుకు దినమునకు ఐదారు కిలోల ఎండుమేత అనుకొన్నను ఏడాదికి సుమారు రెండు టన్నులు కావలెను. ఆ చొప్ప పండించు నేల ఎంతయో లెక్కలోనికి రానిదే ఆవును కొనరాదు. కేన్స్ పుస్తకములో లేత మొలకలను మంచునుండి కాపాడు అద్దపు పెట్టెల అధ్యాయము మనకు వింతగా తోచును. మనము మొలకలను కాపాడవలసినది ఎండనుండి. ఐనను భూమి కొనుటకు ముందు చూడవలసినవి, ఖర్చుల లెక్క మొదలగు భాగములు ఏ దేశమువారైనను చదువదగినవి. ఒక పుస్తకమును పూర్తిగా నమ్ముటయో పూర్తిగా త్రోసివేయుటయో కాక, అందులో వాతావరణముతో ముడిపడిన అధ్యాయములను ముడిపడని అధ్యాయములనుండి వేరుచేయుట నేర్చుకొనవలెను.

జపాను రైతు శాస్త్రవేత్త మసనోబు ఫుకుఓకా గ్రంథము 'గడ్డిపరకతో విప్లవం' అను పేర తెలుగులో వచ్చినది. దున్నకుండ, రసాయనములు వేయకుండ, గడ్డిని తిరిగి పొలములోనే పరచుట ఆయన పద్ధతి. ఆయన పొలమున్న షికోకు ద్వీపపు ఆ భాగమున ఏడాదికి సుమారు 1300 మిల్లీమీటర్ల వాన పడును, అనగా మనకు ఇంచుమించు రెండింతలు. అచ్చట వరిగడ్డి నేలపై కుళ్లి ఎరువగును. మన మెట్టలో గడ్డి పశువు నోటికే చాలదు. నేలపై పరచినది చెదలకు పోవును. ఇక నేలను బోడిగా ఎండకు వదలరాదను ఆయన మూలసూత్రము మాత్రము ఇచ్చట ఇంకను ఎక్కువ వర్తించును. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో తొలకరికి ముందే పలు రకముల విత్తనములను కలిపి చల్లి నేలను కప్పు పద్ధతి ఈ సూత్రమునకు మెట్టసీమ రూపమని చెప్పవచ్చును. సూత్రము ప్రయాణము చేయగలదు. పద్ధతి వెంటనే చేయలేదు.

దిక్కులు కూడ మోసము చేయును. బిల్ మోలిసన్, డేవిడ్ హోంగ్రెన్ 1978లో ఆస్ట్రేలియాలో ప్రకటించిన 'పర్మాకల్చర్ వన్' మొదలుగా వచ్చిన పుస్తకములలో ఎండ ఉత్తరమునుండి వచ్చును, ఏలయన అది దక్షిణార్ధగోళము. ఐరోపా పుస్తకములలో ఎండ దక్షిణమునుండి వచ్చును. కర్నూలు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. మే మొదటి వారమున, తిరిగి ఆగస్టు రెండవ వారమునకు దగ్గరగా మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. ఆ నడుమ కొంచెము ఉత్తరముగా, తక్కిన ఏడాదియంతయు దక్షిణముగా ఉండును. కావున నీడకొరకు చెట్టు ఏ దిక్కున నాటవలెనను ప్రశ్నకు ఆ రెండు రకముల పుస్తకములును సరియైన జవాబు నీయవు. ఇచ్చట ఇంటిని కాల్చునది పడమటి ఎండ. భూగోళ ఉపాధ్యాయులు దీనిని నేలలో పాతిన ఒక కర్ర నీడతో తరగతిలోనే చూపవచ్చును.

కొలతలలో చిక్కు చిన్నదే కాని నష్టము పెద్దది. అమెరికా గాలను 3.79 లీటర్లు, బ్రిటిష్ గాలను 4.55 లీటర్లు. పురుగుమందు కలుపుటలో ఈ తేడా కనిపించకపోవునా? అట్లే 'మిల్లెట్' అను ఒక్క ఇంగ్లీషు మాటకు కొర్ర, సద్ద, సామ, ఆరిక అన్నియు అర్థములే. అనువాదకుడు ఏదో ఒక పేరు వ్రాసి ఊరకుండును. మంచి పుస్తకము శాస్త్రీయ నామమును కూడ ఇచ్చును: కొర్ర సెటేరియా ఇటాలికా, సద్ద పెన్నిసెటం గ్లాకం. ఆ పేరు లేనిచో ఏ విత్తనమును గూర్చి చెప్పుచున్నారో తేల్చుకొనుట కష్టము.

ఇప్పుడు కాగితము, పెన్సిలు తీసికొని ఏ పుస్తకమునైనను పరీక్షించు లెక్క యొకటి చేయుదము. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరు. 60 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడి, అందులో నూటికి 80 పాళ్లు పట్టుకొన్నచో 28,800 లీటర్లు. పుస్తకములు "మిద్దె నీటితో పెరటితోట" అని చెప్పునది ఈ నీటిని గూర్చియే. 100 చదరపు మీటర్ల కూరమడి, అనగా సుమారు రెండున్నర సెంట్లు, దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు కోరినచో 500 లీటర్లు. ఆ తొట్టి 57 దినములకు ఖాళీ. వేసవిలో 8 మిల్లీమీటర్లు కోరినచో 36 దినములే. మిద్దె నీరు త్రాగుటకు, కోళ్లకు, నారుమడికి అమూల్యము; ఏడాది పొడవున కూరలకు మాత్రము చాలదు. ఇట్టి లెక్క చేయనిచ్చు అంకెలు పుస్తకములో ఉన్నచో అది మంచి పుస్తకము. "సమృద్ధిగా నీరు పెట్టవలెను" అని మాత్రము ఉన్నచో అది ఏటి ఒడ్డున వ్రాసినది.

తిండిగింజల లెక్క ఇంకను ముఖ్యము. ఐదుగురు గల ఇంటికి మనిషికి దినమునకు 400 గ్రాముల గింజలు అనుకొన్నచో ఏడాదికి 730 కిలోలు. మెట్టలో ఎకరమునకు నాలుగు క్వింటాళ్ల జొన్న పండినదనుకొందము. దాదాపు రెండెకరములు దీనికే పోవును. వాన తప్పి దిగుబడి సగమైన ఏట మూడున్నర ఎకరములకు పైగా కావలెను. మూడెకరముల కమతమునకు అచ్చటనే ముడి పడినది. కావున మెట్టసీమ కుటుంబమునకు కావలసిన పుస్తకము ఎక్కువ పండించుట ఎట్లో చెప్పునది మాత్రమే కాదు. మంచి ఏటి గింజను చెడ్డ ఏటికి దాచుట ఎట్లో చెప్పునది. మన పెద్దలు జొన్నలను పాతరలలో పోసి ఏండ్ల కొలది నిలుపుకొనెడివారు. బ్రిటన్‌లో, జపానులో వ్రాసిన కమతపు పుస్తకములు వరుస కరవును ఊహించి వ్రాసినవి కావు. ఏ గింజలో ఎంత మాంసకృత్తులు, ఎంత ఇనుము ఉన్నదో తెలిసికొనుటకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహారముల పట్టికలు ఉత్తమమైనవి. అవి సేద్యపు పుస్తకముల వరుసలో ఉండవు గాని ఏ పంట ఎంత వేయవలెనో నిర్ణయించుటకు వాటికంటె మేలైనవి లేవు.

ఇక మన సొంత పుస్తకములు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయముగా ఏర్పడినది. అది ఏటేట 'వ్యవసాయ పంచాంగం' ప్రకటించుచున్నది. మొదటి పుస్తకముగా దీనినే కొనవలెనని నా అభిప్రాయము. ఐతే దీనిని కూడ చదువు తీరున చదువవలెను. శాస్త్రవేత్తలు రాష్ట్రమును వాతావరణ మండలములుగా విభజించినారు. పూర్వపు కర్నూలు జిల్లా అనంతపురముతోపాటు అల్ప వర్షపాత మండలములోను, కడప జిల్లా చిత్తూరు, నెల్లూరులతోపాటు దక్షిణ మండలములోను చేరినవి. పొరుగు జిల్లాలే ఐనను కడపకు ఈశాన్య ఋతుపవనపు వాన ఎక్కువ పాలు అందును. కావున కోవెలకుంట్ల రైతుకు, రాయచోటి రైతుకు ఒకే పుట వర్తించదు. నేలను బట్టియు తేడా ఉన్నది. నల్లరేగడి మీటరు లోతునకు 150 మిల్లీమీటర్లకు పైగా తేమను దాచుకొనగలదు. తేలిక ఎర్రనేల దానిలో సగము దాచుట కష్టము. అందుచేతనే రేగడిలో వాన త్రాగిన నేలపై సెప్టెంబరు, అక్టోబరులలో జొన్న, శనగ విత్తుదురు. ఎర్రనేలలో వాన పడుచుండగనే వేరుశనగ, కొర్ర పండించి ముగించుకొందురు. పుస్తకము తెరచుటకు ముందే మీది ఏ నేలయో తేల్చుకొనవలెను.

ముద్రణ సంవత్సరమును చూచుట మరియొక అలవాటు కావలెను. ఇక్రిశాట్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము కలిసి రూపొందించిన జె.జి. 11 శనగ 1999లో విడుదలై, తరువాత కర్నూలు రేగడులలో విస్తారముగా వ్యాపించినది. అంతకు ముందు అచ్చైన పుస్తకములో దాని మాటయే ఉండదు. నంద్యాల పరిశోధనా స్థానము అందించిన సూర్యనంది కొర్ర, కదిరి స్థానము అందించిన వేరుశనగ రకములు కూడ ఇట్టివే. రకముల పేర్లు, మందుల మోతాదులు త్వరగా పాతబడును. గట్లు వేయుట, ఎరువు మాగబెట్టుట మొదలగునవి పాతబడవు. కొన్ని మందులు తరువాత నిషేధింపబడియుండును గనుక మందుల అధ్యాయమునకు మాత్రము పాత పుస్తకమును ఎన్నడును వాడరాదు. సందేహమున్నచో బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరులలోని కృషి విజ్ఞాన కేంద్రములకు ఒక ఉత్తరము వ్రాయుట మేలు.

పాత పుస్తకములకు వేరొక ఉపయోగమున్నది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు జిల్లా మాన్యువలును 1886లో, గ్రిబుల్ కడప జిల్లా మాన్యువలును 1875లో, బ్రాకెన్‌బరీ కడప గెజెటీరును 1915లో ప్రకటించినారు. ఊరి చెరువులు, నేలలు, పంటలు, చెడ్డ ఏండ్లు తెలిసికొనగోరువారు వీటిని చూడవలెను. తేదీలను గమనింపుడు: 1876–78 నాటి మహాకరవు గ్రిబుల్ గ్రంథము అచ్చైన పిదప వచ్చినది. కడపను గూర్చి ఆ ఒక్క పుస్తకమునే చదివినవారికి ఆ సీమను కుదిపివేసిన కరవు కనబడనే కనబడదు. 1930లలో షోలాపూరు, బిజాపూరు, రాయచూరు, రోహ్తక్‌లతోపాటు బళ్ళారి జిల్లా హగరిలో మెట్ట సేద్య పరిశోధనలు జరిగినవి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు ఆ బళ్ళారి జిల్లాలోనివే. వాలుకు అడ్డముగా గట్లు వేయుట, విత్తనము తగ్గించి సాళ్లను ఎడముగా విత్తుట వంటి సలహాలు ఆ పరిశోధనలనుండి వచ్చినవి. మన నేలకు దూరమునుండి వచ్చిన మెరుగు కాగితపు పుస్తకముకంటె ఈ పాత నివేదికలు దగ్గరి చుట్టములు.

ఇవన్నియు చదివినను తీరని కొరత యొకటి ఉన్నది. పంచాంగము పంటలను వేరువేరుగా చెప్పును. ఆవు, కోడి, కూరమడి, పాతర, నీటితొట్టి అన్నియు ఒకే ఇంటిలో ఎట్లు ఇముడునో చెప్పు పుస్తకము మెట్టసీమ రైతు చేతికి సులువుగా అందదు. దాని సామగ్రిని ఉన్నత పాఠశాలలు సమకూర్చగలవు. జూన్ మొదటి తేదీనుండి పాఠశాల ఆవరణలో ఒక వానమాపకము నుంచి ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి వ్రాయవచ్చును. ప్రతి విద్యార్థి తన ఇంటి పొలమును గూర్చి నోటుపుస్తకములో విత్తిన తేదీ, అంతకు ముందు పది దినములలో పడిన వాన, విత్తిన రకము, నేల రంగు, వాన తెరపియిచ్చిన దినములు, గింజ ఎన్ని కిలోలు, చొప్ప ఎన్ని మోపులు అను ఏడు గడులను నింపవలెను. బావి గల ఇంటివారు నెలకొకసారి నీటి మట్టమును త్రాడుతో కొలిచి ఎనిమిదవ గడిలో వ్రాయవలెను. పంట పోయిన పొలముల లెక్కను విడువరాదు. ఈ నోటుపుస్తకములను ఏటేట పాఠశాల గ్రంథాలయములోనే, వ్యవసాయ పంచాంగము పక్కన, సంవత్సరము వేసి భద్రపరుపవలెను.